అక్షహృదయమూ – బుక్ క్రికెట్టూ



వచ్చే ఆదివారం నాడు మా ఇంటి వసారాలో ఒక క్రికెట్ పోటీ మొదలు కానున్నది. బ్యాటు లేదు, బంతి లేదు, ఎండలో నిలబడే పని అసలే లేదు. ఒక చాప, మూడు పాచికలు, అట్టముక్కల మీద చేతితో వ్రాసిన 66 మంది ఆటగాళ్ళ కార్డులు, ఒక స్కోరు పుస్తకం. సామగ్రి ఇంతే. ఆరు జట్లకు మన ప్రాంతపు యేరుల పేర్లు పెట్టుకున్నాము: పాలేరు, మునేరు, వైరా, కట్టలేరు, బుడమేరు, తమ్మిలేరు. జట్టుకు జట్టు ఒక్కొక్కసారి తలపడితే 15 ఆటలు. ఆ ఆటలన్నీ ఇక్కడ జగ్గయ్యపేటలో, చివరి ఆట మాత్రం నందిగామలో మా చెల్లెలి ఇంట్లో. ఆడేవాళ్ళు మా వీధి పిల్లలు ముగ్గురు, నందిగామ నుండి వచ్చే మా చెల్లెలి మనవలు ఇద్దరు, అమెరికా నుండి సెలవులకు వచ్చిన మా మనవడు.

మూడు వారాలుగా ఈ సన్నాహంలోనే ఉన్నాను. భాషాప్రవీణ చదివి, పండిత శిక్షణ పొంది, ముప్పది అయిదేండ్లు సంధులూ సమాసాలూ చెప్పిన మనిషి పదవీ విరమణ తరువాత పాచికలు పట్టుకు కూర్చున్నాడని కొందరు మిత్రులు నవ్వారు. నవ్వినందుకు బాధ లేదు. ఒక్కరు మాత్రం నవ్వలేదు. చాప మీది పాచికలను చూసి, మంచినీళ్ళు కూడా పుచ్చుకోకుండా గుమ్మం దిగి వెళ్ళిపోయారు. ఆయన కోసమే ఈ టపా వ్రాస్తున్నాను. ఆయన సంగతి కొంచెం ఆగి చెబుతాను.

ముందు ఈ ఆట మా ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలి.

మా మనవడికి పన్నెండేళ్ళు. వచ్చేటప్పుడు బట్టలతో పాటు ఒక పెట్టె తెచ్చుకున్నాడు. అది బేస్‌బాల్ ఆటను బల్ల మీద ఆడుకునే పెట్టె, పేరు స్ట్రాట్-ఓ-మాటిక్. తిరిగి వెళ్ళగానే వాళ్ళ ఊళ్ళో ఏదో పోటీ ఉన్నదట, దానికి సిద్ధం కావాలట. సరే, ఆడుకుంటాడు కదా అనుకున్నాను. నాలుగు రోజులు చూశాను. కుర్రవాడు ఒక్కసారి కూడా పాచిక విసరలేదు! కార్డులు ముందు పరచుకోవడం, ఒక్కొక్కటే చదవడం, కాగితం మీద అంకెలు వేయడం, కొట్టివేయడం, మళ్ళీ వేయడం. అయిదో రోజున ఉండబట్టలేక అడిగాను: "ఒరే, పాచికల ఆటకు చదువేమిటిరా? ఏది పడితే అది పడుతుంది కదా?"

వాడు తల ఎత్తకుండానే అన్నాడు: "ఏది పడుతుందో మన చేతిలో లేదు తాతయ్యా. పడినప్పుడు ఎక్కడ పడాలో మన చేతిలో ఉంది."

ఆ మాటకు అర్థం తెలుసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. క్లుప్తంగా చెబుతాను.

మన క్రికెట్‌లో బ్యాట్స్‌మన్, బౌలరు ఉన్నట్లే బేస్‌బాల్‌లో కొట్టేవాడు, విసిరేవాడు ఉంటారు. ఈ ఆటలో ప్రతి ఆటగాడికీ ఒక కార్డు ఉంటుంది. గడచిన ఏడాది మైదానంలో అతడు నిజంగా ఎలా ఆడాడో ఆ లెక్కలనుబట్టి కార్డు తయారవుతుంది. మూడు పాచికలు విసురుతారు. తెల్ల పాచిక 1, 2, 3 చూపిస్తే కొట్టేవాడి కార్డు చూడాలి. 4, 5, 6 చూపిస్తే విసిరేవాడి కార్డు చూడాలి. మిగిలిన రెండు పాచికల మొత్తం ఆ కార్డులో ఏ వరుస చదవాలో చెబుతుంది. మొత్తం 216 విధాలుగా పాచికలు పడవచ్చు. అందులో సగం, అంటే 108, కొట్టేవాడి ప్రతిభకు. సగం విసిరేవాడి ప్రతిభకు. ఎడమచేతి వాడు విసిరితే ఒక లెక్క, కుడిచేతి వాడు విసిరితే మరొక లెక్క. బంతి పట్టేవాళ్ళ నేర్పుకు 1 నుండి 5 వరకు వేరే మార్కులు. ఇన్ని తెలిసినవాడు ఎవరిని ఎవరి మీదికి పంపాలో ముందుగా నిర్ణయించుకుంటాడు. పిల్లవాడు నాలుగు రోజులు చేసినది అదే.

దీనిని రూపొందించిన హాల్ రిచ్‌మన్ అనే ఆయన 1948లో, తన పదకొండో ఏట, మొదటి ఊహ చేశాడట. 1960ల ఆరంభంలో అమ్మకానికి పెట్టాడు. అంతకంటె ముందే 1951లో పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ నుండి ఎ.పి.బి.ఎ. అనే ఇటువంటి ఆట వచ్చింది. 1981లో అమెరికా బేస్‌బాల్ ఆటగాళ్ళు సమ్మె చేసి పెద్ద ఆట ఆగిపోతే, క్లీవ్‌లాండ్ మైదానంలో బల్ల వేసుకుని ఆ ఆటను పాచికలతో ఆడారట. 2020లో కరోనా వల్ల మైదానాలు మూతపడినప్పుడు ఆ ఏటి ఆటలను ఈ సంస్థే రోజుకు రోజు కార్డుల లెక్కతో నడిపించి ఫలితాలు ప్రకటించింది. మన దేశంలో తోలుబొమ్మలు రామాయణం ఆడినట్లుగా అక్కడ అట్టముక్కలు బేస్‌బాల్ ఆడుతున్నాయన్నమాట.

ఇదంతా వింటుంటే నాకు మన బుక్ క్రికెట్ గుర్తుకు వచ్చింది. మీలో ఆడనివారు ఉండరని నా నమ్మకం. పాఠ్యపుస్తకం మూసి, కళ్ళు మూసుకుని, టక్కున తెరవడం. ఎడమ పేజీ అంకెలో చివరిది చూడటం. రెండుకు రెండు, నాలుగుకు నాలుగు, ఆరుకు ఆరు. సున్న వస్తే అవుట్. ఎనిమిదికి మాత్రం ఊరికొక శాస్త్రం: కొందరికి ఒక పరుగు, కొందరికి నో బాల్, కొందరు ఉదారులకు ఎనిమిదీ ఎనిమిదే. తెలుగు వాచకం పల్చన కనుక సాంఘికశాస్త్రానికే గిరాకీ. నిఘంటువు దొరికితే అది ఈడెన్ గార్డెన్స్. ఒక పుస్తకాన్ని ఒకచోట నలగ్గొట్టి ఎప్పుడు తెరిచినా అక్కడే తెరుచుకునేట్లు చేసే ఘనులు ఉండేవారు. పిచ్ తయారీ అంటే అదే!

ఈ ఆటకు లెక్క కట్టి చూద్దాము. ఎడమ పేజీల చివరి అంకెలు అయిదే: 0, 2, 4, 6, 8. అయిదూ సమానంగా వస్తాయనుకుందాము. ఎనిమిదికి ఒక పరుగు అన్న శాస్త్రం ప్రకారం, అయిదు సార్లు తెరిస్తే సగటున 2+4+6+1, అంటే 13 పరుగులు, ఒక వికెట్. కనుక బుక్ క్రికెట్‌లో ప్రతి బ్యాట్స్‌మన్ సగటూ 13. జట్టు మొత్తం 130. ఎనిమిదికి ఎనిమిదీ ఇచ్చే ఊళ్ళో సగటు 20, జట్టు మొత్తం 200. నలభై ఏళ్ళుగా ఈ ఆటను చూస్తూ కూడా ఈ చిన్న లెక్క నేను వేయలేదు. మనవడు పిట్టగోడ మీద కూర్చుని రెండు నిమిషాలలో వేశాడు.

అందులోనే ఈ ఆట గొప్ప, ఈ ఆట లోపం కూడా ఉన్నాయి. బ్రాడ్‌మన్ సగటూ 13, పదకొండో వాడి సగటూ 13. పుస్తకం ముందు అందరూ సమానులే. ఆ సమత్వం ముచ్చటైనదే కానీ అందులో సన్నాహానికి తావు లేదు. ఎవరిని ముందు పంపినా ఒకటే. అది కేవలం దైవాధీనం. అమెరికా ఆట చేసినదల్లా ఆ దైవాధీనంలో మనిషి భాగమెంతో కొలిచి కార్డు మీద వ్రాయడం.

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. 1996లో, మన దేశంలో ప్రపంచ కప్పు జరిగిన ఆ రోజులలో, నేను పనిచేసిన ఒక ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి చివరి బల్ల మీద ఒక విద్యార్థి బుక్ క్రికెట్ ఆడుతూ నాకు దొరికాడు. వాడి దగ్గర ఒక నోటు పుస్తకం ఉన్నది. లాగి చూశాను. నిలువు గీతలు, పేర్లు, పరుగులు, ఆడిన ఆటలు, సగటులు. ఒక్క ఆట కాదు, నెలల తరబడి ఆడిన ఆటల లెక్కలు. దశాంశ స్థానాలతో సహా! ఆ అక్షరాల పొందిక ఇప్పటికీ కళ్ళకు కట్టినట్లున్నది. నేను దానిని నాలుగు ముక్కలుగా చింపి కిటికీ లోంచి పారవేశాను. "జూదగాడివి అవుతావురా" అన్నాను. తరగతి నవ్వింది. గంట కొట్టిన తరువాత వాడు బయటకు వెళ్ళి ముక్కలు ఏరుకోవడం వరండాలో నుండి చూశాను. చూసి కూడా పిలవలేదు. ఆ రోజు చెప్తున్న పాఠం నలోపాఖ్యానం అని వ్రాస్తే కథ రక్తి కట్టేది. కానీ అది అబద్ధం. ఏ పాఠమో నాకు గుర్తు లేదు. వాడికి ఆ పాఠం గుర్తుండి ఉండదు, చింపడం గుర్తుండి ఉంటుంది.

నలోపాఖ్యానం పేరు ఎత్తాను కనుక అదే చెబుతాను. నన్నయ గారి అరణ్యపర్వంలో ఈ కథ మనమంతా చదువుకున్నదే. పుష్కరుడితో జూదమాడి నలుడు రాజ్యం పోగొట్టుకున్నాడు. బాహుకుడనే పేరుతో ఋతుపర్ణ మహారాజు దగ్గర సారథిగా చేరాడు. ఇద్దరూ విదర్భకు రథం మీద పోతుండగా దారిలో ఒక తాండ్ర చెట్టు కనబడింది. ఋతుపర్ణుడు ఒక్క చూపు చూసి ఆ చెట్టుకు ఎన్ని ఆకులో, ఎన్ని కాయలో చెప్పాడు. వ్యాస భారతంలో రెండు కొమ్మలకు 2,095 కాయలని లెక్క కూడా ఉన్నది. బాహుకుడు నమ్మలేదు. ప్రయాణం ఆగినా సరేనని రథం దిగి లెక్కించాడు. సరిపోయింది. ఇదేమి విద్య అని అడిగితే ఋతుపర్ణుడు అక్షహృదయమని చెప్పి, అశ్వహృదయానికి బదులుగా దానిని ఉపదేశించాడు. ఉపదేశం అందగానే కలి నలుడిని విడిచి బయటకు వచ్చాడు.

ఈ ఘట్టం నేను కనీసం ఇరవై సార్లు పాఠం చెప్పి ఉంటాను. అప్పుడు తట్టని విషయాలు ఇప్పుడు తడుతున్నాయి. ఒకటి: ఆ కాలంలో తాండ్రకాయలనే పాచికలుగా వాడేవారు. అక్షాలు కాసే చెట్టు కిందనే అక్షహృదయం ఉపదేశం కావడం కాకతాళీయం కాదు. రెండు: జూదంలో నేర్పునూ, సంఖ్యలు తెలియడాన్నీ ఋతుపర్ణుడు ఒకే విద్యగా చెప్పాడు. పాచికను మంత్రించడం నేర్పలేదు, లెక్క నేర్పాడు. మూడు, నాకు అన్నిటికంటె ముఖ్యమైనది: నలుడిని పాచికల నుండి దూరంగా పారిపొమ్మని ఎవరూ చెప్పలేదు. తెలియక ఆడినన్నాళ్ళు కలి అతనిలో ఉన్నాడు. తెలిసిన క్షణాన పోయాడు. ఈ కథను అడవిలో ధర్మరాజుకు చెప్పిన బృహదశ్వుడు చివర ఆయనకూ ఆ విద్యను ఇచ్చాడు. మాయాద్యూతంలో సర్వస్వం ఓడిన ధర్మరాజే తరువాత విరాటుడి కొలువులో కంకుభట్టుగా పాచికలాడి అజ్ఞాతవాసపు ఏడాది గడిపాడు.

అయితే మన పెద్దలు రెండో మాట కూడా చెప్పారు. ఋగ్వేదం పదవ మండలంలోని 34వ సూక్తం జూదగాడి గోడు. భార్య విడిచిపోయి, అప్పులపాలై, అయినా పాచికల చప్పుడు వినగానే కాళ్ళు అటే లాగుతాయని ఏడ్చే మనిషి అందులో ఉన్నాడు. పాచికలు మాని పొలం దున్నుకొమ్మని ఆ సూక్తం హితవు చెబుతుంది. ఇన్ని వేల ఏళ్ళ నాటి ఆ గోడు మా వసారా దాకా నడిచి వచ్చింది. అదే మొదట చెప్పిన ఆయన సంగతి.

ఆయన నాకు వరసకు తమ్ముడు, మా పెద్దమ్మ కొడుకు. నందిగామ దగ్గర పల్లెలో మిరప, పత్తి వేసేవాడు. ఒక్కడే కొడుకు. ఇంజనీరింగు చదివినవాడు. ఫోనులో క్రికెట్ పందేలకు మరిగాడు. మొదట వందలు, తరువాత వేలు, తరువాత అప్పులు. తండ్రికి తెలిసేటప్పటికి రెండెకరాల మెట్ట చేను పోయింది. కొడుకు ఇప్పుడు ఎక్కడో పనిచేస్తున్నాడు, పండుగకు కూడా రాడు. అటువంటి మనిషి మా వసారాలోకి వచ్చి, చాప మీద పాచికలు, చుట్టూ పిల్లలు, కార్డుల మీద ఆటగాళ్ళ పేర్లు చూశాడు. "అన్నయ్యా, ఇదీ అదేగా" అన్నాడు. అంతే, వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పోటీ మానేద్దామనే అనుకున్నాను. ఒకప్పుడు నోటు పుస్తకం చింపినవాడినే, ఇప్పుడు అట్టముక్కలు చింపలేనా? కానీ అప్పుడు ఆలోచించకుండా చింపాను. ఇప్పుడైనా ఆలోచించి నిర్ణయం చేయాలనుకున్నాను.

ఆలోచించగా నాకు తోచినవి ఇవి.

మన రాష్ట్రంలో 2020లో చట్టం సవరించి ఆన్‌లైన్ పందేలను, రమ్మీ వంటి వాటిని నిషేధించారు. తెలంగాణ 2017లోనే ఆ పని చేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేటట్లు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం కావలసినదే. కాని చట్టం తలుపు మూయగలదు, తలుపు వెనుక ఏమున్నదో పిల్లవాడికి చూపించలేదు. పందెం నడిపేవాడి బలమంతా ఒక్కటే: లెక్క వాడికి తెలుసు, ఆడేవాడికి తెలియదు. శకుని చేతిలోని పాచికల వంటిదే అది. మా చాప మీది ఆటలో దాపరికం లేదు. కార్డు వెల్లకిలా ఉంటుంది. ఎన్నింట ఎన్ని సార్లు అవుట్ అవుతాడో ముందే అందరికీ కనబడుతుంది. డబ్బు లేదు. కనుక ఆశ కూడా ఆట వరకే.

"అయితే చదరంగం నేర్పరాదా?" అన్నారు ఒక మిత్రులు. మన కృష్ణా జిల్లా బిడ్డ కోనేరు హంపి 2019లోనూ, 2024లోనూ మహిళల ప్రపంచ ర్యాపిడ్ విజేత అయినది. చదరంగం అంటే నాకు గౌరవమే. కానీ చదరంగంలో అదృష్టం లేదు. బాగా ఆలోచించినవాడు గెలుస్తాడు. జీవితం అలా నడవదు కదా! మాది మెట్ట. వాన పడితే పంట, లేకపోతే మంట. విత్తనం మంచిదే, అదను సరైనదే, అయినా పంట పోవచ్చు. పక్కవాడు అడ్డదిడ్డంగా వేసి ధర కలిసివచ్చి గెలవవచ్చు. మంచి నిర్ణయం వేరు, మంచి ఫలితం వేరు అని బాల్యంలోనే తెలియాలి. ఓడినా తన ఆలోచన సరైనదే అని నిలకడగా ఉండగలగడం, గెలిచినా అది తన గొప్ప కాకపోవచ్చునని తగ్గి ఉండగలగడం, ఈ రెండూ నేర్పే ఆట చదరంగం కాదు. లెక్క తెలిసి ఆడే పాచికల ఆటే.

ఇక సన్నాహం సంగతి. మా కార్డుల సూత్రం మేమే కట్టుకున్నాము. రెండు రంగుల పాచికలు వేస్తే 36 ఫలితాలు. ప్రతి ఫలితానికీ పరుగులో, అవుటో కార్డు మీద వ్రాయాలి. కార్డు మీది పరుగులన్నీ కూడి, అవుట్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే అతని సగటు. బుక్ క్రికెట్ లెక్క కూడా ఇదే: 13 పరుగులు, ఒక అవుట్. లక్ష్మణ్ టెస్టు సగటు 45.97. కనుక 3 అవుట్లు, మిగిలిన 33 గళ్ళలో 138 పరుగులు: సగటు 46. మిథాలీ రాజ్ వన్డే సగటు 50.68. కనుక 3 అవుట్లు, 152 పరుగులు. బ్రాడ్‌మన్ 99.94. ఒకటే అవుట్, 100 పరుగులు. ఆ కార్డు కోసం పిల్లల మధ్య యుద్ధాలు జరిగాయి, చివరికి చీటీ వేశాము. బౌలరుకూ ఇటువంటిదే కార్డు. కుంబ్లేకు 4 వికెట్లు, 119 పరుగులు. మూడో పాచిక ఎవరి కార్డు చూడాలో చెబుతుంది. లక్ష్మణ్‌కు కుంబ్లే ఎదురైతే రెండు కార్డులూ కలిపి 7 అవుట్లకు 257 పరుగులు. అంటే 46 సగటు 37 దగ్గరకు దిగుతుంది. ఎవరి మీదికి ఎవరిని వదలాలో ఇక్కడ తెలుస్తుంది. పిల్లలు భిన్నాలను ఇంత ఇష్టంగా చేయడం నా సర్వీసులో నేను చూడలేదు.

పేచీ సి.కె. నాయుడు దగ్గర వచ్చింది. ఆయన పూర్వులది బందరు, పుట్టి పెరిగినది నాగపూరు. 1932లో లార్డ్స్‌లో మన తొలి టెస్టుకు నాయకుడు. ఆడినవి 7 టెస్టులు, చేసినవి 350 పరుగులు, సగటు 25. ఆ 25 వ్రాయడానికి నాకు చేయి రాలేదు. "1926లో బొంబాయిలో ఎం.సి.సి. మీద 153 పరుగులు, అందులో 11 సిక్సులు కొట్టిన మనిషిరా! తొలి టెస్టు ఆడేటప్పటికే 36 ఏళ్ళు. ఆయన అసలు ఈడు టెస్టులు లేని కాలంలో గడిచిపోయింది. 40 వేద్దాము" అన్నాను.

మనవడు ఒప్పుకోలేదు. "తాతయ్యా, నువ్వు ఇష్టాన్ని లెక్కలో కలుపుతున్నావు" అన్నాడు.

కొంచెంసేపు మాట్లాడలేకపోయాను. పందెం కాసేవాడు చేసే పని కూడా అదే కదా. తన జట్టు గెలవాలన్న కోరికను గెలుస్తుందన్న లెక్కగా భ్రమించడం. చివరికి సగటు 25 గానే ఉంచాము: 5 అవుట్లు, 125 పరుగులు. అయితే ఆ 125లో 10 గళ్ళు సిక్సులు. సగటు మార్చలేదు, స్వభావం నిలిపాము. ఇద్దరికీ తృప్తి కలిగింది.

పాచికల పరీక్ష మా ఇంటావిడ బాధ్యత. అష్టాచమ్మాలో ఆవిడ చేయి తిరిగినది. ఒక్కొక్క పాచికను 600 సార్లు ఆవిడ విసరగా, నేను గీతలు గీశాను. ప్రతి ముఖమూ 100కు దగ్గరగా రావాలి. పెట్టెలోని పాచికలు బాగానే నిలిచాయి. తిరునాళ్ళలో కొన్న పాచిక మాత్రం 131 సార్లు ఆరు వేసింది! "ఇది శకుని ఇంటిది" అని ఆవిడ దానిని అవతల పెట్టేసింది.

కార్డులు పూర్తయిన నాడు సాయంత్రం మా తమ్ముడు మళ్ళీ వచ్చాడు. ఈసారి కూర్చున్నాడు. మొదటి ప్రశ్న: "డబ్బులు లేవుగా?" లేవన్నాను. కార్డులు చేతిలోకి తీసుకుని ఒక్కొక్కటే చూశాడు. సూత్రం చెప్పాను. చాలాసేపటికి అడిగాడు: "మావాడు ఆడిన దానికి కార్డు వ్రాస్తే ఎలా ఉంటుంది అన్నయ్యా?"

మనవడూ నేనూ కలిసి ఒక అట్టముక్క తీసుకున్నాము. పందెం నడిపేవాడు సగటున నూటికి 90 తిరిగి ఇస్తాడనుకుందామన్నాను. ఉదాహరణకే. వచ్చినదంతా మళ్ళీ పెడుతూ పోతే పది సార్లకు 100 రూపాయలలో మిగిలేది 35. ఇరవై సార్లకు 12. మధ్యలో గెలుపులు వస్తాయి, ఆ గెలుపులే మనిషిని కూర్చోబెడతాయి. కార్డు మీద చివరి గడి మాత్రం ముందే వ్రాసి ఉంటుంది. ఆయన ఆ అట్టముక్కను దీపం వెలుతురులో పెట్టి చూస్తూ, "ఇది మాకు ఎవరూ వ్రాసి చూపించలేదు" అన్నాడు.

లెక్క తెలిస్తే వ్యసనం పోతుందని నేను అనను. లెక్క తెలిసినవాళ్ళు కూడా మునిగారు. ఆ కుర్రవాడు ఇంజనీరే. రాబర్ట్ కూవర్ అనే అమెరికా రచయిత 1968లో వ్రాసిన నవలలో, ఇటువంటి పాచికల బేస్‌బాల్‌ను తనకు తాను కల్పించుకున్న గుమాస్తా ఒకడు ఆ కాగితపు లోకంలోనే చిక్కుకుపోతాడు. డబ్బు లేకపోయినా ఆట మనిషిని మింగగలదు. అందుచేత మా పోటీకి కొన్ని నియమాలు పెట్టుకున్నాము. డబ్బు లేదు, తినుబండారం పందెం కూడా లేదు. రోజుకు రెండు ఆటలకు మించి లేవు. ఆట మొదలు కాక ముందు ప్రతివాడూ తాను ఎందుకు ఈ వరుసలో ఆటగాళ్ళను పంపుతున్నాడో నాలుగు వాక్యాలు తెలుగులో వ్రాసి ఇవ్వాలి. (పండితుడి బుద్ధి పోదు కదా!) ఓడినవాడు స్కోరు పుస్తకం పూర్తి చేయాలి. గెలిచిన జట్టుకు ఒక బహుమతి, బాగా ఆలోచించి ఓడిన జట్టుకు మరొక బహుమతి. రెండూ పుస్తకాలే. రెండో బహుమతి ఎవరికో నిర్ణయించే పని మా తమ్ముడు తీసుకున్నాడు. నేను అడగలేదు, ఆయనే అన్నాడు.

ఇంత వ్రాసింది ఒక్క మాట చెప్పడానికి. ఉపాధ్యాయ మిత్రులు ఎవరైనా చదువుతుంటే, చివరి బల్ల మీది బుక్ క్రికెట్ నోటు పుస్తకాన్ని చింపకండి. ఒకసారి తెరిచి చదవండి. అందులో సగటు ఉంటుంది, శాతం ఉంటుంది, ఒక పిల్లవాడు ఎవరూ చెప్పకుండా తానే నేర్చుకున్న లెక్క ఉంటుంది. దానిని లెక్కల మాస్టారి దగ్గరకు తీసుకువెళ్ళండి. డబ్బు ఎక్కడ చొరబడుతున్నదో అక్కడ మాత్రం గట్టిగా నిలబడండి. ఆటకూ జూదానికీ నడుమ గీత అక్కడ ఉన్నది, పాచికలో లేదు. ఆ గీతను నేను 1996లో తప్పుచోట గీశాను. నాడు ముక్కలు ఏరుకున్న ఆ విద్యార్థి ఎక్కడున్నాడో ఎరుగను. ఎదురైతే ఒక్క మాట అడగాలని ఉన్నది: ఆ పుస్తకంలో అందరికంటె ఎక్కువ సగటు ఎవరిది నాయనా, అని.

ఇక మీ వంతు. మీ ఊళ్ళో ఎనిమిది పడితే ఏమి ఇచ్చేవారు? ఒక పరుగా, నో బాలా, ఎనిమిదా? మీ చిన్ననాటి శాస్త్రాలు వ్యాఖ్యలలో వ్రాయండి. వచ్చే ఏటికి ఊరి వారీగా సగటులు కట్టి పెడతాను.